ఆదివారం పదకొండున్నరకు నా సంతకం

నేను చెప్పని అబద్ధం ఒకటి నా సంతకంతో ఇప్పటికీ ప్రభుత్వ కంప్యూటరులో ఉంది. దాన్ని తీసేయడానికి వీలులేదని ఆ ఆఫీసువాళ్లు మర్యాదగానే జవాబు రాశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నా కోపం ఇంకో చోట ఉంది. మందిరానికి పోయినప్పుడల్లా దాన్ని చెప్పులతోపాటు బయట విడవాలని చూస్తాను, అది నాతోపాటే లోపలికి వస్తుంది.

తొంభైల చివర తాడిపత్రిలో ఒక బండల ఫ్యాక్టరీలో కాగితాలు చూసే గుమస్తాగా చేరాను. బండను కోసి, పాలిషు పట్టి, చెక్కపెట్టెల్లో నిలబెట్టి, కంటైనర్లలో చెన్నై రేవుకు పంపేవాళ్లం. బండ ఓడ ఎక్కాలంటే దానికంటే ముందు కాగితాలు ఎక్కాలి. ఇన్వాయిసు, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, బ్యాంకు ఫారం, బండ ఏ దేశంలో పుట్టిందో చెప్పే పత్రం, ఇలా ఎన్నో. అదే బరువు, అదే కొలత, అదే పెట్టెల లెక్క తొమ్మిది చోట్ల టైపు కొట్టాలి. కార్బన్లు పెట్టి కొడితే ఆఖరి కాపీలో ఎనిమిది మూడులాగా పడేది. ఆ సంచి ఒళ్లో పెట్టుకుని చెన్నై రైలెక్కేవాణ్ని. అక్కడ ఒక బల్ల దగ్గర మూడంటారు, ఇంకో బల్ల దగ్గర ఎనిమిదంటారు. రెండు బల్లలకూ నడుమ "సర్దుకోండి" అనే మాట ఒకటి ఉంటుంది. ఆ మాట నాకు చేతకాదు. అందుకే నా సరుకు తరచుగా రేవులోనే ఎండకు ఎండేది.

ఆ మాట చేతనైనవాడు మా క్రైస్తవ సంఘంలోనే ఒకడున్నాడు. చెన్నైలోని క్లియరింగ్ ఏజెంటుకు మా ఊరి మనిషి. స్టేషన్ రోడ్డులో చిన్న ఆఫీసు పెట్టుకుని ఊళ్లోని ఫ్యాక్టరీల కాగితాలు రేవుదాకా చేర్చేవాడు, ఊళ్లో అతన్నే ఏజెంటు అనేవాళ్లు. నాకంటే నాలుగేళ్లు చిన్న. మేమిద్దరం ఒకే దినాన బాప్తిస్మం తీసుకున్నాం. ఆ ఏడు పెన్నలో మోకాలు తడిసేంత నీళ్లు కూడా లేవు. బండలు కోసే నీళ్లు తేరుకునే తొట్టిలో మమ్మల్ని ముంచారు. లేచేసరికి ఇద్దరం తెల్లటి రాతిబురదతో విగ్రహాల్లాగా ఉన్నాం. గట్టు మీదివాళ్లు స్తోత్రం చెప్పడం మాని నవ్వారు. అప్పటినుంచి అతను నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ని. నా సొంత తమ్ముణ్ని కూడా నేను అంత నమ్మలేదు.

కొన్నేళ్లకు కంప్యూటరు పద్ధతి వస్తోందని చెప్పడానికి ఒక అధికారి వచ్చి ఫ్యాక్టరీలవాళ్లను కూర్చోబెట్టాడు. "మీరు ఒక్కసారి నింపితే చాలు. అదే కస్టమ్సుకు పోతుంది, రేవుకు పోతుంది, బ్యాంకుకు పోతుంది. అందరూ ఒకే కిటికీలోంచి ఒకే కాగితం చూస్తారు" అన్నాడు. పక్కనున్నవాళ్లు బీడీ తాగడానికి బయటికి పోతున్నారు. నాకేమో కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజాన్ని ఒకసారి చెబితే అందరికీ ఒకేలాగా వినబడే రోజు కోసమే కదా నేను ప్రార్థించింది!

ఆ బుధవారం ప్రార్థన కూటంలో లేచి, దేవుడు చేసిన మేలని దీన్నే సాక్ష్యంగా చెప్పాను. నెల మొదటి ఆదివారం సంఘమంతా పంచుకునే ప్రభువు బల్ల రొట్టెను చేసే అవ్వ ముందు వరసలో కూర్చుని ఉంది.

"అంటే ఇంగ లంచాలుండవా నాయనా?"

"ఉండవవ్వా. అన్నీ కంప్యూటరే చూసుకుంటాది."

"కరెక్టే. దానికి ఆకలుండదు గదా" అంది అవ్వ. కూటమంతా నవ్వి చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది నా తమ్ముడే.

ఆన్‌లైనులో కాగితాలు పంపాలంటే ఎవరో ఒకరి పేరున డిజిటల్ సంతకం ఉండాలి. అది సగం అగ్గిపెట్టెంత పరికరం. కంప్యూటరుకు గుచ్చి రహస్య పదం కొడితే చేతి సంతకంతో సమానం. మా ఓనరు పెద్ద కమతాల ఇంటివాడు, ఎన్నికలొస్తే ఆయన జీపు ఫ్యాక్టరీ ముఖం చూడదు. నన్ను పాదిరీ అని ఎగతాళి చేసేవాడు.

"నా పేరుతో వద్దప్పా. నేను యాడ తిరుగుతాంటానో ఏమో. మన పాదిరీ పేరుతో చేపీండి" అన్నాడు ఏజెంటైన నా తమ్ముడితో. "వీడు అబద్ధం చెప్తే వీని దేవుడే వీని తల పగలగొడతాడు. మనకు పని తప్పుతాది."

అలా నా పేరు ఫ్యాక్టరీ మాటకు పూచీ అయింది. సంఘంలో అప్పటికే నేను పెద్దను. నెల మొదటి ఆదివారం రొట్టె పంచేది నేనే. రెండు చోట్లా నాకున్నది ఒకటే ఆస్తి, నేను చెప్పింది నిజమని జనం అనుకోవడం.

ఫ్యాక్టరీలో కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు, ఫోను లైను వారంలో నాలుగు దినాలు చచ్చి ఉండేది. అందుకని ఫైళ్లన్నీ తమ్ముడి ఆఫీసునుంచే పంపేవాళ్లం. నేను అంకెలు రాసిచ్చేవాణ్ని, అతను నా ముందర నింపేవాడు, నేను చదువుకుని సంతకం పరికరం గుచ్చేవాణ్ని. గుచ్చేముందు తెర మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ప్రార్థన చేసుకునేవాణ్ని. కొన్నాళ్లకు ఆ పరికరాన్ని అక్కడే, అతని సొరుగులోనే ఉంచడం అలవాటైంది. మందిరం తాళంచెవి కూడా మా ఇంటి గోడకే వేలాడేది, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేవాళ్లు. మాలో మాకు దాపరికం ఏముంటుంది? రహస్య పదం నేను అతనికి ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. అది మేమిద్దరం ఆ తొట్టిలో మునిగిన తారీకు.

చెక్కపెట్టెలకు ఒక నియమం ఉంది. బండకు పురుగు పట్టదు కానీ చెక్కకు పడుతుంది. దేశం దాటే ప్రతి పెట్టెనూ పట్ట కప్పి గ్యాసు పెట్టించి, ఆ సర్టిఫికెట్టు నంబరును ఫైలులో చూపాలి. మా ఊళ్లో ఆ పని చేసేది ఒక సాయిబు. ఆయన ఒక బుధవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర నన్ను ఆపాడు.

"ఏమన్నా, మొన్న పోయిన లోడు పెట్టెలు నా దగ్గరికి రాలేదే? వేరేవాణ్ని పెట్టుకున్నారా? చెప్పి ఉంటే నేనూ వేరే బేరం చూసుకుంటాంటి గదా!"

వేరేవాడు ఎవరూ లేడు. ఆ లోడు కాగితాలు అంతకు ముందు శనివారమే సగం నింపాం. గ్యాసు నంబరు వచ్చాక మిగతాది సోమవారం చేద్దామని నేను ఇంటికి పోయాను. సోమవారం పొద్దున నేను వచ్చేసరికి లారీ కదిలిపోయింది. "అన్నీ అయిపోయినాయన్నా, నంబరు కూడా వచ్చేసింది" అన్నాడు తమ్ముడు. సరేనన్నాను. ఇప్పుడు ఫ్యాక్టరీ ఆఫీసులో మా కాపీగా ఉంచిన ఆ ఫైలు ప్రింటు తీసి చూశాను. దాంట్లో ఉన్నది అంతకు ముందు నెల లోడుకు వచ్చిన నంబరు. కింద నా సంతకం.

ఓడ ఆ ఆదివారం బయలుదేరాలి. అది కదిలేలోపు రేవు ఆఫీసుకు రాసి దిద్దుకోవచ్చు. అంటే నా చేతిలో నాలుగు దినాలున్నాయి.

ఇక్కడ నేను చేసింది మా సంఘం బయటివాళ్లకు పిచ్చితనంగా కనిపిస్తుంది. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా పోయి అతనికే చెప్పాలి. వినకపోతే ఇద్దరు ముగ్గుర్ని తీసుకుపోవాలి. అప్పటికీ వినకపోతేనే సంఘం ముందర పెట్టాలి. లోకుల దగ్గరికి తీసుకుపోవడం ఆఖరిమాట. ఈ మెట్లను యువకులకు నేర్పిందే నేను. బోరుబావి తగాదాలో ముఖాలు చూసుకోని ఇద్దరు అన్నదమ్ముల్ని ఈ మెట్ల మీదనే కలిపాను. అందుకే ఓనరుకు చెప్పలేదు, రేవుకు రాయలేదు. ఒంటరిగా స్టేషన్ రోడ్డుకు పోయాను.

"తమ్ముడూ, ఈ నంబరు పోయిన నెలది."

అతను కాగితం చూశాడు. లేచి షట్టరు సగం కిందికి లాగాడు.

"పెట్టెలు కొట్టే వడ్లాయన ఆలస్యంగా ఇచ్చినాడన్నా. గ్యాసు పెట్టిస్తే ఒక దినం పోతాది, రేవులో సరుకు తీసుకునే గడువు దాటి ఓడ తప్పిపోతాది. ఓనరు ఫోను మీద ఫోను. ఒక్క నంబరే గదా అని కొట్టేసినా."

"నాకు చెప్పకుండా?"

"ఆదివారం పొద్దున చేసినా. నువ్వు మందిరంలో ఉంటివి. యాడ పిల్చేది నిన్ను?"

"బిడ్డకు జరమని మందిరానికి రాకపోతివే?"

అతను సొరుగు తెరిచి మళ్లీ మూశాడు.

"సరే, ఇంగా నాలుగు దినాలుండాయి. ఇప్పుడే రాద్దాం పట్టు. కంటైనరు ఆపమందాం."

అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నేను రాస్తానన్నా. నా పాపం నేనే ఒప్పుకుంటా. నువ్వు రాస్తే ఫిర్యాదు అయితాది, నా బతుకు పోతాది. నేనే రాస్తే తిట్టి ఇడిసిపెడతారు. ఒక్క దినం టైమియ్యి. మనిద్దరం ఒకే నీళ్లలో మునిగినోళ్లం గదన్నా."

మోకాళ్లూనుకున్నాం. ప్రార్థించింది నేను. నా సంతకాన్ని నేను కాపాడుకోలేదు, ఆ పాపం నాది, నన్ను క్షమించమని అడుగుతూ ఏడ్చాను. తప్పు చేసినవాడి పక్కన మోకరించినప్పుడు ముందు మన తప్పు ఒప్పుకోవాలి. నాకు తెలిసిన ప్రార్థన అది. అతను కూడా ఏడ్చాడు. ఆ కన్నీళ్లు నిజమా కాదా అని చాలాసార్లు ఆలోచించాను. నిజమే అనుకుంటాను. అదే నాకు ఎక్కువ బాధ.

గురువారం అడిగితే "రాసినానన్నా, చూస్తామన్నారు" అన్నాడు. శుక్రవారం "అయిపోయిందన్నా, నిమ్మళంగా ఉండు" అన్నాడు.

ఆ కొత్త పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే, ఏ ఫైలు ఏ స్థితిలో ఉందో ఎవరైనా ఎప్పుడైనా చూసుకోవచ్చు. సంతకం నాది కాబట్టి నేను అసలు అడ్డు లేకుండా చూడొచ్చు. ఏ ఇంటర్నెట్ షాపులోనైనా రెండు నిమిషాల పని. నేను చూడలేదు. సహోదరుడు చెప్పాక పోయి చూడటమంటే అతన్ని అనుమానించినట్టు. దేవుడు ఇచ్చాడని సాక్ష్యం చెప్పిన ఆ కిటికీ తెరిచే ఉంది, నేను దాని వైపు తల తిప్పలేదు. ఆదివారం ఓడ పోయింది.

రెండు నెలలకు ఓనరు పిలిపించాడు. బల్ల మీద ఒక ఫ్యాక్సు పడేశాడు. అవతలి రేవులో పెట్టెలు విప్పితే చెక్కలో తొలుచుకుపోయిన పురుగులు, నలకలుగా రాలిన పొడి. లోడంతా తిరస్కరించారు. ఇక్కడి కస్టమ్సు ఆఫీసువాళ్లు సంజాయిషీ అడుగుతూ నోటీసు పంపారు.

"ఏం పాదిరీ, మా పేరు మీద పురుగులు ఎగుమతి చేసినావంటనే?"

"అన్నా, ఆ నంబరు నేను వేయలేదు."

"ఏజెంటు మధ్యాన్నమే వచ్చి చెప్పిపోయినాడులే. నంబరు వేసింది నువ్వే అన్నాడు. వాని ముందర మోకాళ్ల మీద పడి ఏడ్చి, పాపం నాదే అని ఒప్పుకున్నావంట. అవునా కాదా?"

ఏడ్చింది నిజం. పాపం నాది అన్నదీ నిజం. దేవునితో చెప్పిన మాటను ఎత్తుకుపోయి అతను ఓనరు బల్ల మీద పెట్టాడు. "అవునన్నా, కానీ..." అన్నాను. ఆయన ఆ కానీ వినలేదు.

ఆ రోజు, చేయాల్సిన నాటికి రెండు నెలల తర్వాత, ఇంటర్నెట్ షాపులో కూర్చుని ఆ ఫైలు తెరిచాను. దిద్దుబాటు కోరిన జాబు ఏదీ లేదు. అలాంటి జాబు ఎవరూ ఎప్పుడూ రాయలేదు. కానీ సంతకం పడిన సమయం ఉంది. ఆదివారం, పదకొండు గంటల ముప్పై రెండు నిమిషాలు. అది నెల మొదటి ఆదివారం. ఆ సమయానికి నేను పళ్లెం పట్టుకుని వరస వరసకూ నడుస్తున్నాను. సంఘంలోని ప్రతి చెయ్యీ నా చేతినుంచి రొట్టె అందుకుంది.

ఇంకేం కావాలి అనుకున్నాను. మా ఇంటామె మాత్రం ప్రింటు చూసి, "నీ సంఘం నీకు సాక్ష్యం చెప్తాదనుకుంటాండావా?" అంది. అవిశ్వాసపు మాట అని కసిరాను.

ఇద్దరు పెద్దల్ని తీసుకుని అతని దగ్గరికి పోయాను, రెండో మెట్టు. ఇంట్లో లేడని చెప్పించాడు. మూడో మెట్టుకు సంఘం కూడింది. సంఘ కాపరి అయ్యగారు ప్రార్థించి, మాట్లాడమన్నారు. ప్రింటు చూపి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను లేచి నిలబడ్డాడు.

"కంప్యూటరు గడియారం యాడైనా తప్పు పోతాది. అన్న మనసు ఏమన్నా కష్టపడి ఉంటే నన్ను క్షమించాల" అని చేతులు జోడించి కూర్చున్నాడు. అంత చక్కగా మాట్లాడాడు.

"గడియారం సంగతి వదిలేయండి" అన్నాను. "ఆ ఆదివారం మీ చేతుల్లో రొట్టె పెట్టింది ఎవరు? అంతే చెప్పండి."

పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ ఫ్యాన్లు అతను పెట్టించినవి. రేకులు కొత్తగా వేయించిందీ అతనే, మైకు తెచ్చిందీ అతనే. అందరూ ఒళ్లోని గ్రంథాల అంచులు చూసుకుంటున్నారు. నేను చేయి పట్టి నడిపించిన యువకులు కూడా.

ఆ పూట పది గంటలనుంచి కూడిక అయ్యేదాకా నేను మందిరంలోనే ఉన్నానని ఒక్క వాక్యం రాసిన కాగితం తెచ్చాను. "ఇందులో ఎవరి మీదా నేరం లేదు. నేను ఉన్నట్టు మాత్రమే. సంతకాలు పెట్టండి" అని మొదటి వరసకు ఇచ్చాను. కాగితం చేతులు మారింది. వరసలన్నీ తిరిగింది. వెనక ఒకాయన "సాక్ష్యం నోటితో అయితే చెప్తాం గానీ, సర్కారు కాగితంలో సంతకమంటే ఎట్లప్పా" అని గొణిగాడు. నోటితో కూడా ఆయన చెప్పలేదు.

"ఇది లోక సంబంధమైన యవ్వారం. సంఘంలో శాంతి సమాధానాలు చెడగొట్టుకోవద్దు" అన్నారు అయ్యగారు. నెమ్మదిగా, ప్రేమగానే అన్నారు.

కాగితం అవ్వ దగ్గర ఆగింది. "ఏం రాసినారు దీంట్లో?" అని పక్కామెను అడిగి చదివించుకుంది.

"దీనికింత ఆలోచనేందిరా? రొట్టె చేసింది నేను. పంచింది వాడు. ఇంకు యాడుండాది?"

ఇంకు లేదు. నా బాల్‌పెన్నుతో ఆమె బొటనవేలికి రంగు పూశాను. వేలు పిండితో, పొయ్యి సెగతో అరిగిపోయి ఉంది. మూడుసార్లు ఒత్తితే గానీ గీతలు పడలేదు.

ఓనరు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"అంతమంది కూచునే సంఘంలో ఈ ముసిలామె ఒక్కతేనా?"

నేను కిందికి చూశాను.

"ఇన్నేండ్లలో ఆదివారం పూట పిలిస్తే ఎప్పుడన్నా వచ్చినావా నువ్వు? ఎన్నిసార్లు తిట్టుకున్నా నిన్ను! నువ్వు ఆడ ఉండింటావని నాకు తెలీదా? అంతా తెలుసు. కానీ సంతకం వాని సొరుగులో పెట్టింది నువ్వు గదప్పా."

ఆ కాగితం, ప్రింటు, నా జాబు కలిపి ఆఫీసుకు పంపాం. సంతకం ఎవరి పేరున ఉందో దాన్ని భద్రంగా ఉంచుకునే బాధ్యత వారిదేననీ, నమోదైన వివరం తొలగించడం కుదరదనీ జవాబు వచ్చింది. కంపెనీకి హెచ్చరికతో సరిపెట్టారు. నా ఉద్యోగం పోలేదు. నా పేరుమీది సంతకం రద్దుచేసి, ఓనరు తన బామ్మర్ది పేరున కొత్తది చేయించి తన బీరువాలో పెట్టుకున్నాడు. ఏజెంటును మాత్రం మార్చలేదు. "పని తెల్సినోడు ఊళ్లో వాడొక్కడే గదా" అన్నాడు. నేను ఇప్పటికీ అంకెలు రాసిస్తాను. వాటి కింద నిజమని చెప్పేది ఇంకొకరు.

సంఘం శాంతి సమాధానాల కోసం పెద్దరికంనుంచి కొంతకాలం తప్పుకోమని అయ్యగారు కబురు చేశారు. ఆ కొంతకాలం ఇంకా అయిపోలేదు. మరుసటి నెలనుంచి రొట్టె పంచేది నా తమ్ముడే.

నేను మందిరం మానలేదు. ఆఖరి వరసలో, గోడవారగా కూర్చుంటాను. అవ్వ ఈమధ్య మోకాళ్ల నొప్పులతో ముందుకు పోలేక నా పక్కనే కూర్చుంటోంది. నెల మొదటి ఆదివారం పళ్లెం మా వరసకు వస్తుంది. అతను నా ముఖం చూడడు. సహోదరునితో తీరని మాట ఉన్నవాడు ఆ రొట్టె ముట్టకూడదని నేనే కదా నేర్పింది. రొట్టె ముట్టకుండా పళ్లేన్ని పక్కకు పోనిస్తాను.

పోయిన నెల అవ్వ ఉండబట్టలేక నా చెవి దగ్గరికి వంగింది.

"ఎందుకు తీసుకోవు నాయనా?"

"ఇంకా మాట తీరలేదవ్వా."

ఆమె ముందువైపు చూసింది. అతను పంచడం ముగించి, తన ముక్క తాను నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"వాడు తింటాండాడే మరి" అంది అవ్వ.